నేరము - న్యాయము - రెండేండ్ల చదువు

నేరమనగానే మన కన్నుల యెదుట మొదట నిలుచువాడు రక్షకభటుడు. అతని వెనుక న్యాయస్థానము, దాని వెనుక కారాగారము. ఈ మూడును మనకు వేరువేరు ఇండ్లవలె తోచును. కాని వానిలో చిక్కుకొన్న మనుష్యుడు ఒక్కడే. ఒక గుమ్మము దిగి మరియొక గుమ్మము ఎక్కుచు మూడింటిని దాటవలసినవాడు అతడే. ఈ మూడింటిని కలిపి ఒకే విషయముగా బోధించు ఏర్పాటు అమెరికాలోని కమ్యూనిటీ కళాశాలలలో ఉన్నది. దానిని గూర్చి కొంత ముచ్చటించుకొందము.

కమ్యూనిటీ కళాశాల యనగా ఊరివారికి చేరువలో, తక్కువ రుసుముతో రెండేండ్ల చదువు చెప్పు విద్యాలయము. ఇల్లినాయి రాష్ట్రమున జోలియట్ పట్టణమందు 1901లో వెలసిన కళాశాల ఇట్టివానికి ఆద్యము. పగలు పనిచేసికొనువారు సాయంకాలము వచ్చి చదువుకొనవచ్చును. సుమారు 60 క్రెడిట్ల పాఠములు ముగించినవారికి అసోసియేట్ పట్టము లభించును. ఈ పట్టముతోనే ఎవరును పోలీసులు కాజాలరు. అందుకు వేరుగా శిక్షణాలయమున తరిఫీదు పొందవలెను. మరి ఈ చదువెందులకు?

ఆ ప్రశ్న క్రొత్తది కాదు. కాలిఫోర్నియాలోని బర్క్లీ నగరమున పోలీసులకు పెద్దగా నుండిన ఆగస్ట్ వోల్మర్ తాను పెద్ద చదువులు చదివినవాడు కాడు. అయినను 1908లో తన భటులకొరకు పాఠశాల నెలకొల్పెను. 1967లో అధ్యక్షుడు జాన్సన్ నియమించిన సంఘము పోలీసులకు కళాశాల విద్య అవసరమని చెప్పెను. మరుసటి యేడు వచ్చిన చట్టము క్రింద విద్యార్థులకు అప్పులు, ఉపకారవేతనములు అందినవి. ఎన్నో కళాశాలలు ఈ శాఖను తెరచినవి. అయితే 1978లో మరియొక సంఘము ఒక లోపమును ఎత్తిచూపెను. పలుచోట్ల వృత్తి మెలకువలే నేర్పుచున్నారనియు, విశాలమైన విద్య కొరవడినదనియు దాని విమర్శ. సంకెల వేయు తీరు నేర్పిన చాలునా? వేయుటకు ముందు ఆలోచింపవలసినదేమో నేర్పవలదా?

ఈ శాఖలో తరచుగా బోధించు వ్యాజ్యమొకటి మమ్ము నిలిపి ఆలోచింపజేసినది. 1961లో ఫ్లోరిడాలో క్లారెన్స్ గిడియన్ అను పేదవాడు ఒక ఆటశాలలో చొరబడి దొంగిలించెనని పట్టుబడెను. తనకు న్యాయవాదిని ఇప్పింపుడని కోరగా ఆనాటి ఆ రాష్ట్ర నియమము ఒప్పుకొనలేదు. తన వాదన తానే చెప్పుకొని, ఓడి, అయిదేండ్ల శిక్ష పొందెను. చెరసాలలో కూర్చుండి పెన్సిలుతో సుప్రీంకోర్టుకు మనవి వ్రాసెను. తీవ్రమైన నేరము మోపబడిన పేదవానికి ప్రభుత్వము న్యాయవాదిని సమకూర్పవలెనని 1963లో న్యాయమూర్తులందరును ఏకాభిప్రాయముతో తీర్పు చెప్పిరి. అతనిని మరల విచారించిరి. ఈసారి ప్రక్కన న్యాయవాది యుండెను. జూరీవారు నిర్దోషి యనిరి.

మనుష్యుడు అతడే, నేరారోపణయు అదే. తీర్పులు మాత్రము రెండు. రేపు భటుడు కానున్న విద్యార్థి, కోర్టు గుమాస్తా కానున్న విద్యార్థిని, చెరసాల ఉద్యోగము కోరువాడు ఒకే బల్లపై కూర్చుండి ఈ కథ విందురు. తమ చేతిలోనిది ఒక గొలుసులోని ఒక్క కొక్కెము మాత్రమేయనియు, అది తప్పిన తక్కినవన్నియు తప్పుననియు వారికి అప్పుడు తెలియును.

ఈ కళాశాలలలో కొన్ని కారాగారములలోనికి సైతము పోయి పాఠములు చెప్పుచున్నవి. ఖైదీలకు పెల్ గ్రాంటు అను విద్యాసహాయమును 1994 నాటి చట్టము నిలిపివేసెను. 2023లో అది మరల లభించినది. గోడకు ఈవల భటుడు, ఆవల ఖైదీ, ఇరువురును చదువరులే.

రెండేండ్ల చదువు ఎవనిని ధర్మరాజుగా మార్చజాలదు. కాని నడిరేయి స్టేషనులో ఒక బీదవాని పేరు వ్రాసికొను ఉద్యోగికి పెన్సిలుతో వ్రాసిన ఆ మనవి ఒక్కసారి జ్ఞప్తికి వచ్చెనా, ఆ కళాశాల రుసుము వ్యర్థము కానట్లే.