ఆంధ్రకేసరి: రైతు తరపు వకీలు



ఒకడు నేర్చిన విద్య యెవ్వరి సొత్తు? నేర్చినవానిదా, నేర్పించినవానిదా, లేక దాని యక్కర గలవానిదా? టంగుటూరి ప్రకాశము పంతులుగారి జీవితమును తలపోసినపుడు నాకీ ప్రశ్న తోచుచుండును.

వారు 1872వ సంవత్సరమున ఒంగోలు ప్రాంతమున జన్మించిరి. బాల్యముననే తండ్రి గతించెను. తల్లి సుబ్బమ్మగారు పూటకూళ్ల యిల్లు నడిపి బిడ్డలను పెంచిరి. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను నుపాధ్యాయులు ఆ బాలుని చురుకుదనము గుర్తించి, తమతో రాజమహేంద్రవరమునకు గొనిపోయి చదివించిరి. ఒకనాటి బడిపంతులనైన నాకు ఈ ఘట్టము తలపునకు వచ్చినపుడెల్ల కనులు చెమర్చును.

ప్రకాశముగారు రాజమహేంద్రవరమున ప్లీడరుగా పేరొంది, పురపాలక సంఘాధ్యక్షులైరి. రెండవ తరగతి ప్లీడరునకు హైకోర్టున వాదించు నధికారము లేకుండెను. కావున సీమకేగి, బారిస్టరై వచ్చి, మదరాసున విశేషధన మార్జించిరి. సహాయనిరాకరణోద్యమము వచ్చినంతనే యా వృత్తిని విడిచి, 1921లో ‘స్వరాజ్య’ పత్రికను స్థాపించి, ఆర్జించినది దానికి ధారపోసిరి. 1928లో సైమను సంఘమునకు వ్యతిరేకముగా మదరాసున హర్తాళము జరిగినపుడు, తుపాకుల యెదుట రొమ్ము చూపి నిలిచిన సంగతి మీరెరిగినదే.

అయితే వారు న్యాయశాస్త్రమును మరచిరా? లేదు. 1937లో రాజాజీ మంత్రివర్గమున రెవిన్యూ మంత్రియై, జమీందారీ విచారణసంఘమునకు అధ్యక్షత వహించిరి. 1802లో కుంపిణీవారు జమీందారులు తమకు చెల్లింపవలసిన పేష్కషును శాశ్వతముగా నిర్ణయించిరి. అది పెరుగదు, రైతు చెల్లించు శిస్తు మాత్రము పెరుగుచు వచ్చెను. భూమికి యజమాని యెవ్వరు? పాత చట్టములను, దస్తావేజులను శోధించి, యజమాని రైతేయనియు, జమీందారు శిస్తు వసూలుచేయువాడు మాత్రమే యనియు సంఘము 1938లో నివేదించెను. శిస్తులు పూర్వపు మట్టమునకు దిగవలెనని కోరెను. పెక్కు వ్యాజ్యములందు రుసుము గొని వాదించిన వకీలు, ఈ వ్యాజ్యమున రుసుము లేక రైతు పక్షమున నిలిచెను.

మంత్రివర్గము 1939లో రాజీనామా చేయుటచే ఆ నివేదిక చట్టము కాలేదు. 1946లో ప్రకాశముగారు మదరాసు ప్రధానమంత్రియైరి గాని, స్వపక్షమువారి యసమ్మతిచే మరుసటి యేడే దిగవలసి వచ్చెను. పట్టినపట్టు విడువని స్వభావము వారికి బలమును, చిక్కును గూడ. 1948లో జమీందారీల రద్దు చట్టము వేరొకరి పాలనమున వెలువడెను. 1953లో ఆంధ్రరాష్ట్రమునకు ప్రథమ ముఖ్యమంత్రియై, 1957లో వారు దివంగతులైరి. ఆర్జించిన ధనము నిలువలేదు.

పెద్దలారా, మీ మనుమలలో నెవ్వడైన వకీలు చదువు చదువుచున్నచో, ఎంత సంపాదింతువని యడుగుటకు ముందు, ఎవ్వరి పక్షమున నిలుతువని యడుగుడు. విద్య యెవ్వరి సొత్తో ఆ ప్రత్యుత్తరమున తెలియును.