ఎన్ని నిమిషాలైంది?

శాలువా కప్పడం అయిపోయింది కదా, ఇక పిల్లలతో మాట్లాడనివ్వండి.

నేను మోర్తాడ్ పసుపు కల్లాల్లో పెరిగినవాణ్ణి. తర్వాత నా ఉద్యోగమంతా ఎలుకలతోనే గడిచింది. 'మావోడు హైదరాబాదుల ఎలుకల డాక్టరు' అని మా అమ్మ చివరిదాకా చెప్పుకుంది.

మా పని మూర్ఛ మీద. ఫిట్స్ తెప్పించే పైలోకార్పిన్ ఇచ్చిన ఎలుక ముందు మూతి ఆడిస్తుంది, తల ఊపుతుంది. ముందుకాళ్లు కొట్టుకుంటాయి. వెనకకాళ్ల మీద లేస్తుంది, పడిపోతుంది. 1972లో రాసీన్ అనే శాస్త్రవేత్త వీటికి ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు వేశాడు. ఫిట్స్ మొదలవగానే డయాజిపామ్ ఇస్తే చాలావరకు ఆగుతాయి. ఆలస్యమైతే కష్టం. మూర్ఛ సాగేకొద్దీ మెదడు కణాలు తమను శాంతపరిచే గాబా గ్రాహకాలను లోపలికి లాక్కుంటాయి, ఆ మందుకు పట్టు దొరకదు. మరోపక్క మెదడును రెచ్చగొట్టే ఎన్‌ఎండీఏ గ్రాహకాలు పైకి వస్తాయి. వాటిని అడ్డుకునేది కెటమిన్, పశువుల డాక్టర్లు వాడే మత్తుమందే. 2000లో వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుకల్లో చూపించారు: పావుగంటకు ఇచ్చిన కెటమిన్ మూర్ఛను ఆపలేదు, గంట తర్వాత ఇస్తే ఆపింది.

అదే మందు, అదే జబ్బు. మారింది టైమొక్కటే. అందుకే నా పోరంతా టైము గురించే.

కొత్తలో నేను సాయంత్రం చాయ్ తాగి, గుర్తున్నంత మటుకు రికార్డు రాసేవాణ్ణి. మా గైడు ఆ రికార్డు తిప్పి, 'పన్నెండు ఎలుకలకూ సరిగ్గా ముప్పయ్యో నిమిషానికే మందు ఇచ్చావా? వాటికి గడియారాలు కట్టావా?' అన్నారు. మూడు నెలల పని చెత్తబుట్టలోకి పోయింది. దానికి నేను ఏడవలేదు. పన్నెండు ప్రాణాలు తీసి అబద్ధం రాశానని ఏడ్చాను. పసుపు ఉడికిందా లేదా అని మా నాయన ప్రతి కడాయిలో పుల్ల గుచ్చి చూసేవాడు, ఆయన కొడుకునై ఉండి!

నవ్వకండి. మీ ప్రాక్టికల్ రికార్డులు పొద్దున చూశాను. ఏడాది ప్రయోగాలన్నీ ఒకే పెన్నుతో, ఒకే రాత్రి, పక్కవాడి పుస్తకం చూసి! చివరికి వాడి కొట్టివేతలు కూడా దింపారు కదరా బిడ్డా.

టైము చూడాల్సింది ల్యాబులోనే కాదు. ఊళ్లో ఎవరికైనా ఫిట్స్ వస్తే అందరూ తాళం చెవుల కోసం పరుగెడతారు. ఇనుము వల్ల ఒరిగేదేమీ లేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, ఫోన్లో టైము చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108కి కొట్టండి. డాక్టరు మొదట అడిగేది అదే, ఎన్ని నిమిషాలైందని.

ప్రిన్సిపల్ గారు గడియారం చూస్తున్నారు. పన్నెండూ ఇరవై మూడు. రాసుకోండి.