లెక్క పుస్తకం ఎవరి చేతిలో ఉంది?



ఈ స్మారక నిధి ఉపన్యాసంలో మహిళల విజయాల గురించి మాట్లాడమన్నారు. మన ప్రాంతంలో ఆ మాట ఎత్తగానే నాకు ముల్కనూరు గుర్తొస్తుంది. భీమదేవరపల్లి మండలంలోని ఆ ఊరు ఇప్పుడు హన్మకొండ జిల్లాలో ఉంది కాని, 2016 దాకా మన కరీంనగర్‌దే. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారు అక్కడ నిలబెట్టిన సహకార గ్రామీణ బ్యాంకు అందరికీ తెలిసిందే. అయితే రైతుల సంఘం ఎక్కడిదైనా సభ్యత్వం ఎక్కువగా భూమి వెంట నడుస్తుంది. పట్టా మగవాళ్ల పేరున ఉంటే సంఘమూ వాళ్లదే అవుతుంది. నాటు వేసి కలుపు తీసిన ఆమె పేరు పుస్తకంలోకి ఎక్కదు.

ఆడవాళ్లకు పొదుపు సంఘాలు దారి చూపాయి. 1990లలో కో-ఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ తోడ్పాటుతో కరీంనగర్, వరంగల్ పల్లెల్లో అవి లేచాయి. నెలనెలా నాలుగు పైసలు వేసుకోవడం, అప్పులివ్వడం, వసూలు చేయడం, సర్వసభ్య సమావేశంలో నిలబడి లెక్క ఒప్పజెప్పడం అక్కడే నేర్చుకున్నారు. సర్కారు వాటా, సర్కారు పెత్తనం లేకుండా సంఘాలు నడుపుకోవచ్చని 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది. ఆ చట్టం కింద 2000లో ముల్కనూరు మహిళా డెయిరీ రిజిస్టరైంది, 2002లో పాల వ్యాపారం మొదలుపెట్టింది. వాళ్ల పాలప్యాకెట్టు మీది పేరు స్వకృషి. సభ్యులు మహిళలే, పాలకవర్గమూ మహిళలే.

బర్రెకు గడ్డి కోసేది, కుడితి పెట్టేది, తెల్లారకముందే పాలు పిండేది ఎప్పుడూ ఆడవాళ్లే. పాల పైసలు మాత్రం చాలా ఇండ్లలో మగవాళ్ల జేబులోకి పోయేవి. డెయిరీ వచ్చాక ఆమె పోసిన పాలకు, పరీక్షలో తేలిన వెన్న శాతాన్ని బట్టి కట్టిన ధర ఆమె పేరు మీదే రాశారు. నన్ను అంతకంటే ఎక్కువ ఆకట్టుకున్నది మరొకటుంది. పాలు పోసే మనిషిగా ఆమెకు లీటరుకు ఇంకో రూపాయి కావాలి. డెయిరీ యజమానిగా ఆ రూపాయిని యంత్రాలకు, పాలు అమ్ముడుపోని రోజులకు దాచాలి. ఈ రెండింటి మధ్య తూకం పట్టడమే వ్యాపారం. పెద్ద కంపెనీల బోర్డుల్లో చేసే పని కూడా ఇదే. దాన్ని మన పల్లె ఆడవాళ్లు ఏళ్ల తరబడి చేస్తున్నారు.

ఇప్పుడు బీడీ సంగతి చూడండి. ఎండాకాలంలో ఆదిలాబాద్ అడవుల్లో తునికాకు కోసి, యాభై ఆకులకో కట్ట కట్టేవాళ్లలో ఎందరో ఆడవాళ్లు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ఇండ్లలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేదీ ఆడవాళ్లే. ఈ పరిశ్రమ నిలబడింది వాళ్ల వేళ్ల మీద. అయినా కట్టకింత, వెయ్యి బీడీలకింత అని కూలి ఒప్పుకోవడమే తప్ప వ్యాపారం లెక్క వాళ్ల ముందుకు రాలేదు. కష్టంలో వీళ్లు ముల్కనూరు అక్కలకు ఏమాత్రం తీసిపోరు. తేడా అంతా సంఘంలోనే ఉంది.

మల్యాల మండలం లంబాడిపల్లి గంగవ్వ కూడా కూలి చేసి, బీడీలు చుట్టి బతికిన మనిషే. ‘మై విలేజ్ షో’ వీడియోలతో ఊరూరికీ తెలిసింది. 2019లో ‘మల్లేశం’, ‘ఇస్మార్ట్ శంకర్’ సినిమాల్లో కనిపించింది. మన యాసను సినిమాల్లో విలన్లకో, నవ్వించే పాత్రలకో కేటాయించిన రోజులు చూసినవాళ్లం మనం. ఆమె ఇంట్లో మాట్లాడినట్టే కెమెరా ముందు మాట్లాడి, పెద్ద వయసులో నటనను వృత్తి చేసుకుంది. ఆమెను చూస్తే నాకు కడుపు నిండినట్టుంటుంది. కాని ఆమెలాగే బీడీలు చుట్టినవాళ్లలో ఎందరో ఇంకా ఆ చాట ముందే ఉన్నారు. ఒక్కరికి దక్కిన అవకాశం చూసి ఆ వాడకట్టునంతా మరిచిపోకూడదు.

గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి బొగ్గు గనుల్లోనైతే ఆడవాళ్లకు అడ్డు చట్టంలోనే ఉండేది. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలోకి దిగనివ్వలేదు. 2019లో కేంద్రం సడలించింది. అప్పుడూ పగటి పూట, సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులకే ఒప్పుకుంది. మైనింగ్ చదివిన మన ఆడపిల్లలకు తలుపు కొంత తెరుచుకుంది.

మళ్లీ వ్యాపారం సంగతికే వస్తే, ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. మెచ్చుకోళ్లు బాగానే వస్తున్నాయి. అసలు చిక్కు వేరే ఉంది. ఇప్పపువ్వు రాలేది ఎండాకాలం మొదట్లో కొద్ది వారాలే. ఏడాది పొడవునా లడ్డూ కట్టాలంటే ఆ వారాల్లోనే పువ్వు సేకరించి, ఎండబెట్టి, తేమ తగలకుండా దాచాలి. అందుకు గోదాము కావాలి, చేతిలో ముందస్తు పెట్టుబడి ఉండాలి. రేపు పాడైపోయే పాలను ఇన్నేళ్లుగా అమ్ముతున్న ముల్కనూరు అక్కలు వాళ్లతో కూర్చుని మాట్లాడితే ఎన్నో ముడులు వీడుతాయి. ఈ నిధి పెద్దలకు నాదొక విన్నపం. వచ్చే ఏడాది ఉపన్యాసానికి పెట్టే ఖర్చుతో ముల్కనూరు నుంచి కొందరిని ఉట్నూరు పంపండి. వారం రోజులు అక్కడ ఉండనివ్వండి. వాళ్ల లెక్క పుస్తకాలు కూడా వెంట తీసుకెళ్లమనండి.