కొలతకు దారి చూపే లెక్క

 

నీటి కాలుష్య మోడళ్లకు పునాది వేసినవారు శాస్త్రవేత్తలు స్ట్రీటర్, ఫెల్ప్స్. అమెరికాలోని ఒహాయో నదిపై అధ్యయనం చేసి 1925లో వారు వెలువరించిన సమీకరణంలో రెండు వేగాలు పోటీపడతాయి. మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంటాయి. గాలి దాన్ని తిరిగి పూరిస్తుంటుంది. ఈ వేగాలు తెలిస్తే మురుగుకాలువ కలిసిన చోటికి ఎంత దిగువన చేపకు ఊపిరాడదో చెప్పవచ్చు. అయితే అవి నదిని బట్టి, వేడిని బట్టి మారతాయి. నదిలో తీసిన కొలతలతో లెక్క సరిపోయేదాకా వాటిని సవరించడమే క్యాలిబ్రేషన్.

ఇప్పటి మోడళ్లలో ఇలాంటి వేగాలను సూచించే గుణకాలు పదుల సంఖ్యలో ఉంటాయి. అన్నిటినీ చేత్తో సవరించడం అయ్యే పని కాదు. 1975లో జాన్ హాలండ్ గ్రంథంతో నిలదొక్కుకున్న జెనెటిక్ అల్గారిథం ఇక్కడ అక్కరకొచ్చింది. మేలైన కంకులు ఏరి విత్తనానికి దాచే రైతులా అది కొలతలకు దగ్గరగా వచ్చిన గుణకాల సమూహాలను నిలుపుకుంటుంది. వాటిని జతకలిపి, అక్కడక్కడ మార్చి, మరో తరాన్ని పుట్టిస్తుంది. నదుల నీటి నాణ్యతను లెక్కించే క్వాల్‌2కెడబ్ల్యు మోడల్ వాడే పికాయా అల్గారిథం ఖగోళ భౌతిక శాస్త్రంలో పుట్టి నదుల దగ్గరికి వచ్చినదే.

ఇంతకీ, లెక్క కుదిరితే నది అర్థమైనట్టేనా? ఆక్సిజన్ మాత్రమే కొలిచి, నదిలో చేరిన మురుగు భారాన్ని కొలవలేదనుకోండి. తక్కువ మురుగు వేగంగా కుళ్లిందా, ఎక్కువ మురుగు నెమ్మదిగా కుళ్లిందా? కొద్దిపాటి దూరంలో రెండు లెక్కలూ కుదురుతాయి. ఈ చిక్కునే జలశాస్త్రవేత్త కీత్ బెవెన్ ఈక్విఫైనాలిటీ అన్నారు. కొలతలు ఆగిన చోటు దాటాక మాత్రం ఆ రెండింటి దారులు వేరు. హైదరాబాద్ దాటిన మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా దాని నీటితో సేద్యం చేసే పల్లెలకు ఈ తేడా చిన్నది కాదు.

పైగా అల్గారిథం గుణకాలకు మనం గీసిన హద్దుల్లోనే వెతుకుతుంది. మురుగు కుళ్లడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే బీఓడీ పరీక్షను పాశ్చాత్య దేశాల్లో 20 డిగ్రీల దగ్గర 5 రోజులు చేస్తే, మన వెచ్చని వాతావరణానికి తగ్గట్టు మనం 27 డిగ్రీల దగ్గర 3 రోజులు చేస్తాం. చల్లని నదుల గుణకాలను పాఠ్యపుస్తకం నుంచి తెచ్చి మన నదికి హద్దులుగా పెడితే, ఎన్ని తరాలు గడిచినా సరైన జవాబు దొరక్కపోవచ్చు.

అందుకే యువ పరిశోధకులకు మూడు మాటలు. ఒక్క ఉత్తమ జవాబుతో సరిపెట్టకండి. దానికి సాటివచ్చే గుణకాల సమూహాలన్నిటినీ, అవి చెప్పే భవిష్యత్తునూ ప్రకటించండి. ఆక్సిజన్‌నూ బీఓడీనీ విడివిడి లక్ష్యాలుగా పెట్టండి. కాన్పూర్ ఐఐటీలో కల్యాణ్మయ్ దేబ్ బృందం రూపొందించిన ఎన్‌ఎస్‌జీఏ-2 అనే జెనెటిక్ అల్గారిథం అలాంటి పనికి తగిన సాధనం. వేసవి కొలతలతో కుదిర్చిన మోడల్‌ను వానాకాలపు కొలతలతో పరీక్షించండి.

సాటివచ్చిన ఆ గుణకాల సమూహాలు ఎక్కడ ఎక్కువగా విభేదిస్తాయో, తర్వాతి నమూనా సీసా అక్కడ నింపాలి. కంప్యూటర్ ముందు గడిపిన కాలానికి అదే అసలు ఫలం. ఈ సదస్సు పత్ర సమర్పణల్లో ఈ దిశగా చర్చ సాగాలని కోరుకుంటున్నాను.