చెత్తబండి మన వీధి మలుపు నుంచే ఎందుకు తిరిగిపోతున్నది?

(హైదరాబాద్ దక్షిణ శివారులోని ఒక కాలనీ సంక్షేమ సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విద్య, ఉద్యోగాలు, రిజర్వేషన్లు, వక్ఫ్ ఆస్తులు: ఇటువంటి సమావేశాల్లో మనం సాధారణంగా చర్చించుకునే విషయాలు ఇవి. ఈరోజు చెత్తను గురించి మాట్లాడతామని కరపత్రంలో చదివి కొందరు మిత్రులు నవ్వుకున్నారని విన్నాం. నవ్వుకోనివ్వండి. మూడేళ్లుగా ఈ ఒక్క పని మీద కార్యాలయాల చుట్టూ తిరిగిన తరువాత మాకు ఒక సంగతి అర్థమైంది. పాలకుల దృష్టిలో ఒక బస్తీకి ఉన్న విలువ ఎంతో తెలుసుకోవాలంటే, అక్కడికి చెత్తబండి వారానికి ఎన్నిసార్లు వస్తున్నదో లెక్కపెట్టి చూడవచ్చు.

మన పరిస్థితి మీకు తెలియనిది కాదు. పెద్ద రోడ్డు మీది అపార్టుమెంట్లకు ఆటో రోజూ వస్తుంది. మన గల్లీ మలుపు దాకా వచ్చి, మైకులో పాట వినిపించి, వెనక్కి తిరుగుతుంది. వారంలో రెండుసార్లు లోపలికి వస్తే అది మంచి వారం కింద లెక్క. తక్కిన రోజుల చెత్త అంతా మసీదు వెనుక ఉన్న ఖాళీ ప్లాటులోకి చేరుతున్నది. రాత్రిపూట దానికి ఎవరో నిప్పు పెడతారు. ఫజ్ర్ నమాజుకు వచ్చే వృద్ధులు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని సఫ్‌లో నిలబడిన రోజులున్నాయి.

ఈ విషయమై మేము ఒక అధికారిని కలిశాం. ఆయన కూర్చోమని కూడా అనలేదు. "మీ ఏరియాల్లో జనమే అంత కదా, మేమేం చేస్తాం?" అన్నారు. ఆ మాట మమ్మల్ని చాలా నొప్పించింది. ముస్లింలు ఒకచోట గుమిగూడి బతకవలసి వచ్చిన బస్తీలను మునిసిపల్ యంత్రాంగాలు సులువుగా నిర్లక్ష్యం చేస్తున్నాయని, నీరు, పారిశుద్ధ్యం వంటి వసతులు అక్కడ కరువవుతున్నాయని 2006 నాటి సచార్ కమిటీ నివేదికే పేర్కొన్నది. వసతి కల్పించకపోవడం వారి వంతు, అపవాదు మోయడం మన వంతు అయింది. అయితే కోపం చల్లారాక మేము కూర్చుని, ఆయన మాటలో అన్యాయం ఎంత, నిజం ఎంత అని తడి, పొడి వేరు చేసినట్లే వేరు చేసి చూసుకున్నాం.

ముందు అన్యాయం సంగతి. దేశంలోని పట్టణాల చెత్త మీద 1996లో అల్మిత్రా పటేల్ అనే పౌరురాలు సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం ఫలితంగా 2000లో మొదటి నియమాలు వచ్చాయి. 2016లో కేంద్రం వాటి స్థానంలో ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలను ప్రకటించింది. ఇంటింటి నుంచి చెత్త సేకరించడం స్థానిక సంస్థ విధి అని, మురికివాడలు, అనధికార నివాసాలు కూడా అందులోకి వస్తాయని ఆ నియమాల్లో స్పష్టంగా చెప్పారు. కనుక "మీ కాలనీకి లేఅవుట్ అనుమతి లేదు, బండి రాదు" అని ఎవరైనా అంటే, ఆ జవాబు చెల్లదు. ఇది మనం ప్రాధేయపడి పొందవలసిన ఉపకారం కాదు.

ఇక నిజం సంగతి. అవే నియమాలు గృహస్థుని మీద కూడా బాధ్యత పెట్టాయి. తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైన గృహ వ్యర్థాలు అని ఇంట్లోనే మూడుగా వేరుచేసి అప్పగించాలని 2016 నియమాలు చెప్పాయి. నిర్ణయించిన రుసుము చెల్లించాలి. వీధిలో, కాలువలో, చెరువులో పారవేయరాదు, తగులబెట్టరాదు. మనం ఏం చేస్తున్నాం? మొన్న ఒక ఆదివారం మన యువకులతో కలిసి ఆ ప్లాటులోని కొన్ని సంచులు విప్పి చూశాం. నిన్నటి బగారా అన్నంలో పిల్లల నోటుపుస్తకాలు నానుతున్నాయి. పాలప్యాకెట్ల మధ్య ఎముకలు, డైపర్లు, పగిలిన గాజుగ్లాసు, ఇన్సులిన్ సూదులు ఉన్నాయి.

ఆ సూదుల దగ్గర కొంతసేపు ఆగాలి. మన కాలనీ చివర రేకుల ఇంట్లో ఉండే ఒక సోదరి తెల్లవారుజామునే ఆ కుప్పలో ప్లాస్టిక్, అట్టముక్కలు ఏరుకుని బతుకుతుంది. మనలాగే కలిమా చదివిన మనిషి, రంజాన్‌లో మనం ఫిత్రా ఇచ్చే ఇల్లు. మేము వెళ్లేసరికి ఆమె అరచేతికి గుడ్డ చుట్టుకుని ఉన్నది. గాజుపెంకు లోతుగా దిగిందట. ఆసుపత్రికి వెళ్దామంటే, "పని పోతుంది భాయ్‌సాబ్, సాయంత్రం చూద్దాం" అన్నది. తరువాత ఆమె అడిగినది ఒక్కటే: "అన్నం, కాగితం ఒకే సంచిలో వేయకండి. తడిస్తే కాగితం ఎవరూ కొనరు. గాజు ఉంటే విడిగా కట్టి, పైన ఎర్రగుడ్డ పెట్టండి." ఏడాదికొకసారి ఆమె చేతిలో ఫిత్రా పెట్టి, తక్కిన దినాలన్నీ అదే చేతికి గాజుపెంకులు అందిస్తున్నది మనమే. దారిలోని ముల్లును తొలగించడం కూడా ఈమాన్‌లో భాగమేనని విన్న సమాజం మనది.

తుక్కు వ్యాపారం మనకు పరాయిది కాదు. ఈ శివారులో పాత ఇనుము, ప్లాస్టిక్, అట్టల గోదాములు నడిపేవారిలో, వాటిలో కూలి చేసేవారిలో మనవాళ్లు ఎందరో ఉన్నారు. బంధువుల్లో ఒకరు కబాడీ అంటే పెళ్లిసంబంధాల దగ్గర చెప్పుకోవడానికి సిగ్గుపడతాం. ఆ సిగ్గు మనకెందుకో మాకు అర్థం కాదు. నగరం పారవేసిన వస్తువును తిరిగి కర్మాగారానికి చేర్చే మొదటి మెట్టు వారే. చెత్త ఏరేవారి సంఘాలను స్థానిక సంస్థలు గుర్తించి, సేకరణ వ్యవస్థలో కలుపుకోవాలని 2016 నియమాలు చెప్పాయి. చెత్త పనివారికి చేతితొడుగులు, బూట్లు, మాస్కులు ఇవ్వాలని కూడా చెప్పాయి. మన సోదరికి గుర్తింపు కార్డు అడగడం కూడా మైనారిటీ హక్కుల పనే.

ఇంట్లో చేయవలసినది పెద్ద శ్రమ కాదు. వంటింట్లో ఒక మూతడబ్బా తడిచెత్తకు, తలుపు వెనుక ఒక గోనెసంచి పొడిచెత్తకు పెట్టండి. పాలప్యాకెట్లు, సీసాలు ఒకసారి కడిగి ఆరబెట్టి వేస్తే వాటికి ధర పలుకుతుంది. చిప్స్ పొట్లాలు, షాంపూ సాచెట్లు వంటి పొరల ప్లాస్టిక్‌ను కబాడీ కొనడు. కొనడం తగ్గించుకోవడమే దానికి మందు. సూదులు, బ్యాటరీలు, ట్యూబులైట్లు, గడువు తీరిన మందులు మూడో డబ్బాలోకి వెళ్లాలి. డైపర్లు, ప్యాడ్లు కాగితంలో చుట్టి విడిగా ఇవ్వాలి. మిద్దె ఉన్నవారు అడుగున చిల్లులున్న మట్టికుండలో కూరగాయల తొక్కలు, ఎండుటాకులు పొరలుగా వేసి, అప్పుడప్పుడు కాస్త పుల్లమజ్జిగ చల్లుతూ ఎరువు చేసుకోవచ్చు. అందులో ఎముకలు, కొవ్వు వేయవద్దు. ఎలుకలు చేరి, మూడోరోజే మీ ఇంట్లో ఆడవారు కుండతోపాటు మా సలహానూ బయట పారవేస్తారు.

బక్రీద్ సంగతి విడిగా చెప్పాలి. ఖుర్బానీ వ్యర్థాల కోసం మునిసిపల్ సిబ్బంది ఇచ్చే సంచులు మన గల్లీలకు అందకపోతే పండుగకు పది రోజుల ముందే లిఖితపూర్వకంగా అడగాలి. పేగులు, రక్తం తుడిచిన గడ్డి అందులో కట్టి బండికి ఇవ్వాలి. ఒకప్పుడు మదరసాలకు ఆదాయం తెచ్చిన చర్మాలకు ఇప్పుడు ధర పడిపోయింది. అందుకని వాటిని రోడ్డుపక్క వదలడం తగదు. వెంటనే ఉప్పు పట్టించి, తీసుకునేవారెవరో ముందే మాట్లాడి పెట్టుకోవాలి. ఒక్క ఫొటో చాలు, మొత్తం సమాజాన్ని దోషిగా నిలబెట్టడానికి.

నాలా సంగతి కూడా అంతే. 2020 అక్టోబరులో అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబానగర్ ఎలా మునిగాయో చూశాం. దానికి చెత్తే కారణమని మేము అనం. చెరువులు, నాలాల ఆక్రమణ అంతకంటే పెద్ద నేరం. కానీ ఆ నేరం మీద గట్టిగా మాట్లాడవలసిన మనం, మన సంచిని అదే నాలాలోకి విసిరి ఏ ముఖంతో మాట్లాడతాం?

ఇక అర్జీల సంగతి. జీవితమంతా దస్త్రాల మధ్య గడిపిన అనుభవంతో చెబుతున్నాం: నోటిమాటకు ఫైలు ఉండదు. బండి రానిరోజు రాలేదని రిజిస్టరులో తేదీతో రాయండి. దాని నకలు జతచేసి అర్జీ ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోండి. ఆ తరువాత 2005 సమాచార హక్కు చట్టం కింద బండి మార్గపట్టిక, నెలవారీ ట్రిప్పుల వివరాలు, మన వార్డుకు కేటాయించిన సిబ్బంది సంఖ్య అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మేము అడిగిన తరువాతే మన గల్లీ పేరు మార్గపట్టికలో మొదటి నుంచీ ఉన్నదని తెలిసింది. కాగితం మీద బండి మన ఇంటి ముందుకు రోజూ వస్తూనే ఉన్నది!

వచ్చే శుక్రవారం జుమా తరువాత మసీదు వాకిట్లో గల్లీకొక రిజిస్టరు పంచుతాం. గల్లీకి ఇద్దరు చొప్పున పేర్లు కావాలి, అందులో ఒకరు తప్పక మహిళ అయి ఉండాలి. ఇంటి చెత్త ఏ పూట, ఏ సంచిలో బయటికి వెళుతుందో మనకంటే వారికే బాగా తెలుసు. పేర్లు ఈరోజే ఇవ్వదలచినవారి కోసం కాగితం, కలం ఆ బల్ల మీద పెట్టాం.