చిన్న కంప్యూటరు - రోబో సాఫ్ట్‌వేరు
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా,

మీ పాఠశాలలో పిల్లలు చేయుచున్న రోబో బండికి “కంప్యూటరు పాడైనది, క్రొత్తది కొనవలెను” అని అర్జీ వచ్చినచో, తీర్మానము చేయుటకు ముందు మీరు తెలిసికొనవలసిన సంగతి యొకటి కలదు.

అరచేతిలో ఇముడు రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరు 2012లో ఇంగ్లండున విడుదలైనది. రోబోలను నడుపుటకు ‘రాస్’ అను సాఫ్ట్‌వేరు కలదు. ఇది ఉచితము. ఇప్పుడు వాడవలసినది దీని రెండవ తరమగు రాస్ 2. మొదటి తరమునకు 2025 మే నెలతో మద్దతు ముగిసినది గనుక దాని జోలికి పోనక్కరలేదు.

దీనిని స్థాపించుటకు రెండు దారులున్నవి. కంప్యూటరులో 64 బిట్ ఉబుంటు ఉన్నచో సిద్ధముగా నున్న ప్యాకేజీలను దింపుకొనవచ్చును. ఇది మిల్లు నుండి బియ్యము తెచ్చుకొనుట వంటిది. రాస్ప్‌బెర్రీ పై వారి స్వంత వ్యవస్థ ఉన్నచో మూల ప్రోగ్రామును తెచ్చి కంపైల్ చేసికొనవలెను. ఇది వడ్లు తెచ్చి ఇంట దంచుకొనుట. సాధ్యమైనంతవరకు మొదటి దారియే మేలని మా అభిప్రాయము.

గత సంవత్సరము మేము చూచిన ఒక ఉన్నత పాఠశాలలో, బండి కెమెరా కొరకు రెండవ దారినే పట్టిరి. మూడు రాత్రులు పని సగములో ఆగిపోయినది. బోర్డు కాలిపోయినదని ఉపాధ్యాయులు నిశ్చయించి అర్జీ కూడ వ్రాసిరి. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె తెరపై ‘కిల్డ్’ అను మాటను చూపి, “ఎవరు చంపినారండీ?” అని అడిగినది. ప్రశ్న సరియైనదే! రాస్ప్‌బెర్రీ పై 3లో నాలుగు కోర్లున్నను మెమొరీ 1 జీబీ మాత్రమే. నాలుగు కోర్లును ఒకేసారి కంపైల్ చేయ మొదలిడగా మెమొరీ చాలక, వ్యవస్థయే ఆ పనిని చంపినది. బోర్డులో దోషమేమియు లేదు.

అంతట తెరపై బొమ్మలు చూపు భాగములను విడిచి, అవసరమైన వానినే ఉంచితిమి. ఒకసారికి ఒకే పని సాగునట్లు ఆజ్ఞను మార్చి, మెమొరీకి తోడుగా కార్డుపై 2 జీబీ స్వాప్ కేటాయించితిమి. ఫోను చార్జరును తీసి, 5 వోల్టుల వద్ద 2.5 ఆంపియర్లు ఇచ్చు అడాప్టరు పెట్టించితిమి. కరెంటు పోయినచో కార్డు చెడు ప్రమాదము గలదు గనుక ఇన్వర్టరు అవసరమైనది; దానిని సర్పంచిగారు తమ ఇంటినుండి పంపిరి. సాయంకాలము మొదలిడిన పని మరునాటి మధ్యాహ్నమునకు ముగిసినది.

కావున అర్జీతోపాటు తెరపై కనిపించిన కడపటి పంక్తులను కూడ వ్రాసి జతపరచుమని అడుగుడు. ‘కిల్డ్’ అని యున్నచో ముందు ఈ మార్పులు చేసి చూడుడు.

ఆ మధ్యాహ్నము బండి వరండాలో పది అడుగులు నడచి గోడకు కొట్టుకొని ఆగినది. కెమెరా ఉన్నది గాని, గోడను గుర్తించు ప్రోగ్రామును పిల్లలింకను వ్రాయలేదు.