చెవి మిషన్ అమర్చే పనివారికి కావలసిన నేర్పు
(కార్మిక విద్యా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నేత మిల్లుల మగ్గాల విభాగంలోను, బాయిలర్ షాపుల్లోను పాతికేళ్లు పనిచేసినవారి వినికిడి ఎంతగా దెబ్బతింటుందో ఈ సభకు వేరుగా చెప్పనక్కరలేదు. శబ్దంవల్ల కలిగే వినికిడి లోపం చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి. దాని పరిహారం కొరకు మనం చేస్తున్న పోరాటం ఒకటి. ఆ కార్మికుని చెవికి యంత్రం అమర్చే మరొక కార్మికునికి ఏ నేర్పు ఉండాలన్నది నేటి విషయం. మన సభ్యుల పిల్లలు కొందరు ఈ వృత్తిని గురించి అడుగుతున్నారు.

మొదటిది, ఆడియోగ్రాం చదవడం. శబ్దంవల్ల దెబ్బతిన్న చెవిలో 4000 హెర్ట్‌జ్ ప్రాంతాన గీత ఒక్కసారిగా పల్లానికి దిగుతుంది. అచ్చులు వినబడతాయి, స, శ, త వంటి హల్లులు జారిపోతాయి. అందుకే కార్మికుడు “మాట వినిపిస్తున్నది గాని తెలియడంలేదు” అంటాడు. ఇంటివారేమో తమ మాట పెడచెవిని పెడుతున్నాడనుకుంటారు! ఇది ఎరుగనివాడు ధ్వనులన్నిటినీ ఒకే విధంగా పెంచుతాడు. ఆ చెవికి చిన్న శబ్దం అందదు, పెద్ద శబ్దం భరించరానిదవుతుంది. ఎక్కడ బాధ మొదలవుతుందో కొలిచి, యంత్రానికి ఆ హద్దు విధించాలి. లేకుంటే అది వారం తిరగకుండా బీరువాలోకి పోతుంది.

తరువాతది చేతి పని. అచ్చు తీసేముందు గులిమి ఉన్నదా, కర్ణభేరికి రంధ్రం పడినదా అని చెవిలో దీపం వేసి చూడాలి. దారం కట్టిన దూది ఉండను చెవి గొట్టం రెండవ వంపు దాటించి నిలపాలి. అది లేనిదే అచ్చు పదార్థం లోనికి పంపితే కర్ణభేరికి అపాయం. అచ్చు వదులైతే యంత్రం ఈల వేస్తుంది. నేటి డిజిటల్ యంత్రాలు ఆ ఈలను కొంత అణచగలవు. సరిపడని అచ్చును మాత్రం మళ్లీ తీయవలసిందే.

చీము కారుతున్నా, వినికిడి హఠాత్తుగా పోయినా, లోపం ఒక్క చెవికే ఉన్నా, అమ్మకం మాని వైద్యునివద్దకు పంపాలి. సంపాదనంతా కమిషన్‌గా వచ్చేవానికి ఇది ఎంత కష్టమో ఆలోచించండి. అతనికి నీతిబోధ చాలదు, నెల జీతం కావాలి. ఈ కోరికను మనం చేపట్టి తీరాలని నా అభిప్రాయం.

మైసూరులో 1965లో నెలకొల్పిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ వినికిడి యంత్రాలు, చెవి అచ్చుల సాంకేతిక విద్యలో డిప్లొమా నేర్పుతున్నది. పరీక్ష, యంత్రం ఎంపిక డిగ్రీ చదివిన ఆడియాలజిస్టు బాధ్యత. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ఈ ఉభయులనూ నమోదు కావలసిన వృత్తి నిపుణులలో చేర్చింది.

ఇక ఓర్పు సంగతి. సుత్తి పట్టి మొద్దుబారిన వేళ్లకు బఠాణీ గింజంత బ్యాటరీ చిక్కదు. మనం మార్చి చూపితే చాలదు, ఆయన చేతనే నాలుగుసార్లు మార్పించాలి. అప్పటికీ కుదరకపోతే చార్జింగ్ యంత్రం సంగతి చూడాలి. కొద్ది వారాలకు మళ్లీ రమ్మనాలి, ఇంటివారినొకరిని వెంటబెట్టుకొని రమ్మనాలి. యంత్రం పనిచేస్తున్నదో లేదో ముందుగా చెప్పగలిగేది వారే.